గడప

తమ్ముడి పడవ గులకరాళ్ళకి ఒరుసుకునేసరికి ఇంకా చీకటి.
వాల్పరైసోకి ఉత్తరాన ఈ చిన్న రేవులో
బకెట్ నిండా ఒకే ఒక్క స్క్విడ్,
కోపంతో ఎర్రగా, తెల్లగా, మళ్ళీ ఎర్రగా.
అది చచ్చేలోగా నేను
నూట పన్నెండు మెట్లు ఎక్కాలి.

ముప్ఫై ఏళ్ళుగా ఇదే నా కొలువు.
డాక్టర్ అరవేనాకి చేతులు వణుకు.
నాకు వణకవు, వలలు అల్లే ఇంట పుట్టాను.
తొడుగు చీల్చి, దీపం ముందు పరిచి,
మైనం రాసిన దారంలా కనబడే నరం మీంచి
పీచంతా ఒలిచి, రెండు కొసలా ముడేసి కోస్తాను.
గోరు తగిలిందా, ఆ రోజు పని సముద్రం పాలే.

గాజు పళ్ళెంలో మా సముద్రం నీళ్ళే.
ప్రాణి పోయి గంటలు గడిచినా
నరం బతికే ఉంటుంది.
దానికింకా కబురు అందలేదు.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారే,
ఉప్పు ఉన్నంతసేపూ పలుకుతుంది.

లోపల మైనస్ అరవై మిల్లీవోల్టులు.
బయట సోడియం, మూసిన గుమ్మం ముందు
తోసుకుంటున్న జనంలా.
తీగతో కాస్త తడితే ఏమీ కాదు.
ఇంకాస్త తడితే, ఏమీ కాదు.
గడప దాటిందా,
తలుపులన్నీ ఒక్కసారే బార్లా.
ఆకుపచ్చ గీత నిట్టనిలువునా లేచి,
మైనస్ ప్లస్సయి,
రెప్పవేసేలోగా పొటాషియం బయటికి జారి
అంతా మళ్ళీ చల్లబడుతుంది.
నరానికి సగం మాట లేదు.

ఒకసారి పలికాక మాత్రం
ఎంత గట్టిగా పిలిచినా కాసేపు వినదు.
డాక్టరుగారు ఆ కాసేపటికి పెద్ద పేరేదో చెబుతాడు.
మా ఇంట్లో దానికి పేరు లేదు.
నాన్న పడవ ఎవరిదని అరుచుకున్న రాత్రి నుంచి
పధ్నాలుగు నెలలు
నిబాల్దో బకెట్ దించేవాడు,
నేను ఎత్తుకునేదాన్ని.

ఆగస్టులో ఒక తెల్లారుజామున
వల లాగుతూ లాగుతూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
అగ్నిమాపక దళం పిల్ల, యెసేనియా,
డబ్బా మోసుకుంటూ మెట్లు దిగింది.
తెర మీద గీత చూశాను.
నాకు బాగా చదవడం వచ్చిన లిపి అదొక్కటే.
అందులో అక్షరాలు లేవు, గీతల తుక్కు.
కోట్ల కణాలు, ఏ గడప అదే దాటుతూ,
గుండె కాదది, చేపల వేలం.

"జరగండి" అంది పిల్ల.
వాడి ఒళ్ళు ఎగిరిపడింది.

షాకు గుండెని నడిపిస్తుందనుకుంటారు.
కాదు.
అందర్నీ ఒకేసారి గడప దాటించి
అందరి నోళ్ళూ ఒకేసారి మూయిస్తుంది.
మిగిలేది నిశ్శబ్దం.
అందులో, కుడి గది పైమూలన,
ఎవరూ తట్టకుండానే
బొట్టు బొట్టుగా లోపలికి ఉప్పు ఊరి
తమంతట తాము గడప దాకా వచ్చే కణాలు గుప్పెడు ఉంటాయి.
ముందు అవి మాట్లాడాలి.

గీత బల్లపరుపు.
ఒక అల రాళ్ళ మీంచి వెనక్కి పోయింది.
ఇంకొకటి పోయింది.
నా చేతిలో వాడి రబ్బరు బూటు, దాన్నిండా చల్లటి నీళ్ళు.
"నిబా" అన్నాను.
పిలుపు గుండెదాకా వెళ్ళదు, నాకు తెలుసు.
మహా అయితే చెవి నరం.
అయినా అన్నాను.

చిన్న గుట్ట ఒకటి లేచింది.
దాని వెనకే శిఖరం.
ఆ తరవాత చాలాసేపు, నా లెక్కలో చాలాసేపు, ఏమీ లేదు.
మళ్ళీ గుట్ట.

స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు కళ్ళు తెరిచి
రేవు వైపు తల తిప్పాడు.
పెదవులు ఎండిపోయి, మాట గరగరగా:
"బకెట్లో అది చచ్చిపోతోంది, ఎర్మే."

చావనీ, అన్నాను.
ఇవాళ మెట్లెక్కను.